పిల్లికూతలు లేని ఉబ్బసం: వయోజనులలో దగ్గు రూప ఉబ్బసానికీ సాధారణ ఉబ్బసానికీ గల భేదాలు
(రాంబిల్లి తీర ప్రాంత వ్యవసాయ, మత్స్యకార కుటుంబాల నేపథ్యంలో ఒక పరిశీలన)

ప్రస్తావన

ఉబ్బసం అనగానే ఆయాసపడుతూ, ఛాతీ ఎగరేస్తూ, పిల్లికూతల వంటి శబ్దంతో ఊపిరి తీసే రోగి రూపం మనకు స్ఫురిస్తుంది. ఈ రూపం సరైనదే కాని సంపూర్ణమైనది కాదు. ఆయాసం గాని, పిల్లికూతలు గాని లేకుండా, వారాల తరబడి విడవని పొడి దగ్గు ఒక్కటే లక్షణంగా గల ఉబ్బసం కూడా వయోజనులలో ఉంది. వైద్యశాస్త్రం దీనిని దగ్గు రూప ఉబ్బసంగా వర్గీకరిస్తుంది. దీర్ఘకాలిక దగ్గుకు గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి. అయినప్పటికీ గ్రామాలలో దీనిని చలికాలపు దగ్గుగా, పొగ దగ్గుగా, పడిశం తాలూకు శేషంగా భావించి ఉపేక్షించడం పరిపాటి.

ఈ ఉపేక్షకు మూల్యం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 26.2 కోట్ల మంది ఉబ్బసంతో బాధపడుతుండగా, ఆ ఏడాది 4.55 లక్షల మంది మరణించారు. దగ్గు రూప ఉబ్బసం తనంతట తాను ప్రాణాంతకం కావడం అరుదు. అయితే తగిన చికిత్స అందని వయోజనులలో దాదాపు మూడోవంతు మందికి కొన్ని సంవత్సరాలలో అది పిల్లికూతలు, ఆయాసంతో కూడిన సాధారణ ఉబ్బసంగా మారుతుందని పలు అధ్యయనాలు సూచిస్తున్నాయి. కనుక దగ్గు దశలోనే వ్యాధిని గుర్తించడం ఎంతో ప్రయోజనకరం.

ఆరోగ్య విషయం వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలకు ఎందుకు అన్న ప్రశ్న సహజం. దగ్గు ఏ పనిలో, ఏ ఋతువులో, ఏ వేళలో వస్తున్నదన్నది ఈ వ్యాధి నిర్ధారణకు ముఖ్యమైన ఆధారం. ఆసుపత్రిలో కొద్ది నిమిషాలు మాత్రమే రోగిని చూసే వైద్యునికంటె, విత్తు మొదలు కోత వరకు రైతు వెంట ఉండే విస్తరణ కార్యకర్తకు ఆ ఆధారం స్పష్టంగా కనిపించే అవకాశం ఉంది.

వ్యాధి రూపాలు

దగ్గు మాత్రమే లక్షణంగా ఉబ్బసం రావచ్చునన్న విషయం 1970ల వరకు వైద్యుల దృష్టికి అంతగా రాలేదు. 1972లో గ్లాసర్ అనే వైద్యుడు ఈ భిన్న రూపాన్ని వర్ణించాడు. 1979లో కొరావ్, బ్రామన్, ఇర్విన్ అనే వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పత్రం దీనికి శాస్త్రీయమైన గుర్తింపును తెచ్చింది. ఆ రోగులకు ఆయాసం లేదు, పిల్లికూతలు లేవు. అయినా వారి శ్వాసనాళాలు ఉబ్బస రోగుల శ్వాసనాళాల వలెనే అతిగా స్పందించాయి. ఉబ్బసానికి వాడే మందులతో దగ్గు తగ్గింది.

ఇక్కడ రెండు పదాల మధ్య భేదాన్ని విద్యార్థులు గమనించవలసి ఉంది. దగ్గు ఒక్కటే లక్షణంగా ఉంటే అది దగ్గు రూప ఉబ్బసం. అప్పుడప్పుడు ఆయాసం, పిల్లికూతలు ఉన్నప్పటికీ రోగిని అధికంగా బాధించేది దగ్గే అయితే అది దగ్గు ప్రధాన ఉబ్బసం. రెండవది సాధారణ ఉబ్బసంలోనే ఒక తీరు. ఈ వ్యాసంలో ప్రధానంగా మొదటి దానిని చర్చిస్తున్నాము.

భేదం ఎక్కడ ఏర్పడుతుంది?

మూలంలో ఈ రూపాలన్నీ ఒకే వ్యాధి. అన్నింటిలోనూ శ్వాసనాళాల లోపలి పొరలో వాపు ఉంటుంది. ఆ వాపులో ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు తరచుగా కనిపిస్తాయి. అన్నింటిలోనూ పొగ, ధూళి, చల్లగాలి తగిలినప్పుడు శ్వాసనాళాల చుట్టూ ఉండే నునుపు కండరం అవసరానికి మించి ముడుచుకుంటుంది. దీనినే అతిస్పందన అంటారు.

భేదం ఆ ముడుపు స్థాయిలోను, దానికి నరాలు స్పందించే తీరులోను ఉంది. శ్వాసనాళం బాగా ఇరుకైనప్పుడు గాలి వేగానికి దాని గోడలు కంపించి పిల్లికూతలు పుడతాయి. దగ్గు రూప ఉబ్బసంలో ముడుపు సాధారణంగా అంత దూరం పోదు. అయితే కండరం స్వల్పంగా ముడుచుకున్నా ఆ కదలికే దగ్గు నరాలను ప్రేరేపిస్తుంది. అందువల్ల ఊపిరి అందకపోవడానికి చాలా ముందే దగ్గు మొదలవుతుంది. రోగి దగ్గుతూనే ఉంటాడు, వైద్యుడు స్టెతస్కోపు పెట్టి వింటే ఊపిరితిత్తులు నిర్మలంగా వినిపిస్తాయి.

దగ్గు నరాల సున్నితత్వాన్ని కొలవడానికి పరిశోధకులు మిరపలోని ఘాటు పదార్థమైన క్యాప్సైసిన్‌ను అతి స్వల్ప మోతాదులో పీల్పిస్తారు. క్యాప్సైసిన్‌ను గ్రహించే నరగ్రాహకాన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. ఎండుమిర్చి దంచే చోట దగ్గు రావడం ఎవరికైనా సహజమే. చిన్నపాటి ఘాటుకే గంటల తరబడి దగ్గు తెరలు రావడం మాత్రం నరాలు అతిగా సున్నితమైనాయనడానికి సూచన. ఇది ఉబ్బసానికే పరిమితమైన లక్షణం కాదు కనుక దీనినొక్కదానినే నిర్ధారణగా తీసుకోరాదు.

పట్టిక 1: రెండు రూపాల మధ్య ముఖ్య భేదాలు

| అంశం | సాధారణ ఉబ్బసం | దగ్గు రూప ఉబ్బసం |
|---|---|---|
| ప్రధాన లక్షణం | ఆయాసం, ఛాతీ బిగుతు, పిల్లికూతలు, దగ్గు | పొడి దగ్గు మాత్రమే. కళ్లె పడితే స్వల్పంగా |
| బాధించే వేళ | రాత్రి, తెల్లవారుజాము. శ్రమ తరువాత | అదే విధంగా |
| స్టెతస్కోపు పరీక్ష | బాధ ఉన్న సమయంలో పిల్లికూతలు వినిపిస్తాయి | సాధారణంగా ఏమీ వినిపించదు |
| స్పైరోమెట్రీ | తరచుగా అవరోధం కనిపించి, మందుతో మెరుగుపడుతుంది | చాలామందిలో సరిగానే ఉంటుంది |
| శ్వాసనాళాల అతిస్పందన | ఎక్కువ | ఉంటుంది, సగటున కొంత తక్కువ |
| కండరపు ముడుపుకు దగ్గు ప్రతిచర్య | మధ్యస్థం | తీవ్రం |
| పొరబడే వ్యాధులు | సిగరెట్, చుట్ట పొగ వల్ల వచ్చే శ్వాస అవరోధం, గుండె జబ్బు | పడిశం, గొంతు అలర్జీ, ఆమ్లం పైకి ఎగదన్నడం, క్షయ |
| చికిత్సకు మూలం | పీల్చే స్టీరాయిడ్ మందు | పీల్చే స్టీరాయిడ్ మందు |

పట్టికలో రెండవ, చివరి వరుసలు ముఖ్యమైనవి. కనిపించే లక్షణం వేరైనా, బాధించే వేళా చికిత్సా ఒకటే. రోగనిర్ధారణ జరగకపోవడం వల్లనే దగ్గు రూప ఉబ్బస రోగి నష్టపోతున్నాడు.

రాంబిల్లి పరిసరాలలో దగ్గును ప్రేరేపించే అంశాలు

రాంబిల్లి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మండలం. వరి, చెరకు, కొబ్బరి, సరుగుడు తోటలు, సముద్రపు వేట కలగలసిన ఈ ప్రాంతపు జీవనంలో ఊపిరితిత్తులకు తగిలే ప్రేరకాలు అనేకం ఉన్నాయి.

బెల్లం వంట: అనకాపల్లి బెల్లానికి ఉన్న ఖ్యాతి సుప్రసిద్ధం. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లోనే ఆరంభమైంది. శీతకాలం మొదలుకొని వేసవి ఆరంభం వరకు సాగే బెల్లం వంటలో చెరకు పిప్పి పొగ, పెనం నుంచి లేచే ఆవిరి, పొయ్యి వేడిమి, వెలుపలి చలి ఒకేసారి శ్రామికునికి తగులుతాయి. దీనికి తోడు బెల్లానికి పసుపు వన్నె తెచ్చేందుకు కొందరు హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైట్‌ను కలుపుతారు. తేమ, వేడి తగిలినప్పుడు ఇది విచ్ఛిన్నమై సల్ఫర్ డయాక్సైడ్ వాయువును వెలువరిస్తుంది. ఆరోగ్యవంతుడు ఆ వాసనకు ముక్కు మూసుకొని ఊరుకుంటాడు. ఉబ్బసం ఉన్నవారిలో మాత్రం, అందునా శ్రమిస్తున్న వేళ, పది లక్షల భాగాల గాలిలో 1 భాగానికి తక్కువగా ఉన్న సల్ఫర్ డయాక్సైడ్ కూడా కొద్ది నిమిషాలలోనే శ్వాసనాళాలను ముడుచుకునేలా చేయగలదని ప్రయోగాలు నిరూపించాయి. హైడ్రోస్ మానమని చెప్పేటప్పుడు వినియోగదారుని ఆరోగ్యాన్ని ప్రస్తావించడం మన అలవాటు. పెనం పక్కన నిలబడే వాని ఆరోగ్యం అంతకంటె ముందు దెబ్బతింటుందని కూడా చెప్పవలసి ఉంది.

పంట ధూళి, పుప్పొడి: వరి నూర్పిడి ధూళి, తడిసి బూజుపట్టిన గడ్డి, వయ్యారిభామ పుప్పొడి, తీరప్రాంతపు సరుగుడు పుప్పొడి అలర్జీ కారకాలుగా గుర్తింపు పొందాయి.

ఇంటిలోని నల్లులు: పంటలపై నల్లి గురించి మన విద్యార్థులకు తెలుసు. ఇంటి ధూళిలో, పరుపులు, దిండ్లలో ఉండే డెర్మటోఫాగాయిడిస్ అనే సూక్ష్మ నల్లి కూడా ఆ వర్గానికి చెందినదే. మనిషి చర్మం నుంచి రాలే పొట్టును తిని బ్రతికే ఈ నల్లికి గాలిలో తేమ అవసరం. సముద్రతీరపు గ్రామాలు దీనికి అనుకూలం. రాత్రి పడుకున్న తరువాత దగ్గు పెరగడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

రొయ్యలు, పీతలు: వీటిని ఒలిచి శుద్ధి చేసే చోట గాలిలో తేలే మాంసకృత్తులు వృత్తి సంబంధ ఉబ్బసాన్ని కలిగిస్తాయని పలు దేశాలలో రుజువైంది.

పురుగుమందులు: ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును నిరోధిస్తాయి. ఫలితంగా శరీరంలో ఎసిటైల్ కోలిన్ పేరుకొని శ్వాసనాళాల కండరం ముడుచుకుంటుంది. ఉబ్బస నిర్ధారణకు ఆసుపత్రిలో పీల్పించే మెథకోలిన్ కూడా ఎసిటైల్ కోలిన్‌ను పోలిన పదార్థమే. అక్కడ వైద్యుడు కొలతతో, పర్యవేక్షణలో కలిగించే ముడుపును, పొలంలో రక్షణ లేని పిచికారీ కొలత లేకుండా కలిగించగలదు.

ఉబ్బసం కాని దగ్గులు

వయోజనులలో ఎనిమిది వారాలు దాటిన దగ్గును దీర్ఘకాలిక దగ్గు అంటారు. మన దేశంలో ఎనిమిది వారాలు వేచి ఉండరాదు. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా ముందుగా కళ్లె పరీక్ష చేయించి క్షయ లేదని నిర్ధారించుకోవాలన్నది జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమపు నియమం. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

క్షయ కాదని తేలిన పిమ్మట మిగిలిన కారణాలను పరిశీలించాలి. ముక్కు నుంచి గొంతులోకి స్రావం జారడం, జీర్ణాశయ ఆమ్లం పైకి ఎగదన్నడం దగ్గుకు సాధారణ హేతువులు. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రల వల్ల కొందరికి పొడి దగ్గు వస్తుంది. వైద్యుని సలహాతో మందు మార్చితే అది తగ్గుతుంది. ఇసినోఫిల్ కణాల వాపు ఉండి అతిస్పందన లేని బ్రాంకైటిస్ మరొకటి. ఇది కూడా పీల్చే స్టీరాయిడ్‌కు లొంగుతుంది.

ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు ఉన్న వైపు నోటిలో ఉంచుకొని కాల్చే అడ్డపొగ అలవాటు ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీలలో ఉంది. అటువంటి వారిలో దగ్గును ఉబ్బసంగా ఊహించక, ఛాతీ ఎక్స్‌రే, నోటి పరీక్ష తప్పక చేయించాలి. బూజుపట్టిన చెరకు పిప్పిని కదిపేవారికి వచ్చే బగాసోసిస్ వేరొక వ్యాధి. దానికి థర్మోఆక్టినోమైసిస్ సక్కారి అనే సూక్ష్మజీవి కారణం. పిప్పిలో పనిచేసిన కొన్ని గంటల తరువాత దగ్గుతోపాటు జ్వరం, వణుకు, ఆయాసం కలగడం దాని గుర్తు. దగ్గు రూప ఉబ్బసంలో జ్వరం ఉండదు.

నిర్ధారణ

స్పైరోమెట్రీలో మొదటి సెకనులో వదిలే గాలి పరిమాణం, శ్వాసనాళాలను విప్పే మందు పీల్చిన తరువాత 12 శాతం, 200 మిల్లీలీటర్లు మించి పెరిగితే అది ఉబ్బసానికి బలమైన ఆధారం. దగ్గు రూప ఉబ్బసంలో ఈ పరీక్ష తరచుగా సరిగానే వస్తుంది కనుక అంతటితో వ్యాధి లేదని తేల్చరాదు. అప్పుడు మెథకోలిన్ పరీక్ష ఉపకరిస్తుంది. ఆ పరీక్షలో అతిస్పందన లేకపోతే ఉబ్బసం దాదాపు లేనట్లే. ఉంటే ఉబ్బసం ఉండవచ్చు. చికిత్సతో దగ్గు తగ్గినప్పుడే నిర్ధారణ పూర్తవుతుంది. వదిలే శ్వాసలోని నైట్రిక్ ఆక్సైడ్ కొలత, కళ్లెలో ఇసినోఫిల్ కణాల లెక్క అదనపు ఆధారాలు.

పెద్ద పరికరాలు లేని చోట పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టం ఎంతో ఉపయోగకరం. రోగి ఉదయం, సాయంకాలం దానిలోకి బలంగా ఊది అంకెను నమోదు చేయాలి. ఉదాహరణకు ఉదయం నిమిషానికి 340 లీటర్లు, సాయంకాలం 400 లీటర్లు వచ్చినవనుకుందాం. భేదం 60, సగటు 370. భేదాన్ని సగటుతో భాగిస్తే దాదాపు 16 శాతం వస్తుంది. ఇట్లా రెండు వారాలు లెక్కించిన రోజువారీ భేదాల సగటు వయోజనులలో 10 శాతం మించితే ఉబ్బసాన్ని అనుమానించాలి.

చికిత్స, అపోహలు

రెండు రూపాలలోనూ వాపును తగ్గించే పీల్చే స్టీరాయిడ్ చికిత్సకు పునాది. దీనికి శ్వాసనాళాలను విప్పే మందును జతచేస్తారు. అవసరాన్ని బట్టి మాంటెలూకాస్ట్ వంటి మాత్రలను వైద్యుడు సూచిస్తాడు. శ్వాసనాళాలను విప్పే మందుతో వారం రోజులలో కొంత మెరుగుదల కనిపించవచ్చు. దగ్గు పూర్తిగా తగ్గడానికి పీల్చే స్టీరాయిడ్‌ను ఎనిమిది వారాల వరకు వాడవలసి రావచ్చు. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే రోగి రెండవ వారంలోనే మందు మానివేస్తాడు.

దగ్గు సిరప్పులు దగ్గును కొంతసేపు అణచగలవు కాని వాపును తగ్గించలేవు. స్టీరాయిడ్ మాత్రలు, సూదిమందులు త్వరగా ఉపశమనమిస్తాయి. పర్యవేక్షణ లేకుండా పదేపదే వాడితే మధుమేహం, ఎముకల బలహీనత, రోగనిరోధక శక్తి క్షీణించడం తప్పవు. ఇన్‌హేలరు వ్యసనంగా మారుతుందన్న భయం గ్రామాలలో బలంగా ఉంది. వాస్తవానికి మాత్రలోని మందును మిల్లీగ్రాములలో కొలుస్తే, ఇన్‌హేలరులోని మందును మైక్రోగ్రాములలో కొలుస్తారు. పిచికారీని ఆకు అడుగున ఉన్న పురుగుపైనే పడేటట్లు చేసినప్పుడు మందు ఆదా అయినట్లే, పీల్చే మందు నేరుగా శ్వాసనాళాన్ని చేరుతుంది కనుక కొద్ది మోతాదే సరిపోతుంది. పీల్చిన తరువాత నోరు పుక్కిలించడం అవసరం.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగిన పనులు

1. పంటల క్యాలెండరు వలెనే దగ్గు క్యాలెండరును రైతుచేత రాయించవచ్చు. తేదీ, చేసిన పని, పొగ లేదా ధూళి తగిలిందా, రాత్రి ఎన్నిసార్లు దగ్గుతో మెలకువ వచ్చింది, పని లేని రోజున దగ్గు తగ్గిందా అనే ఐదు గడులు చాలు. చదువు రాని వారికి గుర్తులతో ఈ పట్టికను తయారుచేయవచ్చు. నాలుగు వారాల పట్టిక వైద్యునికి అమూల్యమైన ఆధారమవుతుంది.

2. రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవారిని ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కళ్లె పరీక్ష కొరకు పంపాలి. క్షయ లేదని తేలినా దగ్గు తగ్గకపోతే, ఆ ఫలితంతో అన్వేషణ ముగిసిందని భావించక, అనకాపల్లిలోని జిల్లా ఆసుపత్రికి గాని విశాఖపట్నంలోని ప్రభుత్వ ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రికి గాని వెళ్లమని సూచించాలి.

3. బెల్లం వండేవారికి పొయ్యిపై ఎత్తైన పొగగొట్టం, గాలి వాలును బట్టి పెనం వద్ద నిలబడే స్థానం, హైడ్రోస్‌కు బదులుగా బెండ కాండపు జిగురు వంటి వృక్ష సంబంధ శోధకాల వాడకం గురించి శిక్షణలో చేర్చాలి. చెరకు పిప్పిని బాగా ఎండబెట్టి, వాన తగలని చోట నిల్వ చేయడం వల్ల బూజు, పొగ రెండూ తగ్గుతాయి.

4. ముఖానికి చుట్టిన తువ్వాలు సన్నని ధూళిని ఆపలేదని చెప్పాలి. ఎన్-95 ముసుగు ధూళిని ఆపుతుంది కాని సల్ఫర్ డయాక్సైడ్ వంటి వాయువును ఆపదు. కనుక వాయువు విషయంలో మూలంలోనే నివారణ శ్రేయస్కరం.

5. రోగ నిర్ధారణ, మందుల పేర్లు, మోతాదులు వైద్యుని పరిధిలోనివి. అనుమానించడం, నమోదు చేయించడం, సకాలంలో పంపడం మన పరిధి.

ముగింపు

సాధారణ ఉబ్బసం తన ఉనికిని శబ్దంతో చాటుకుంటుంది. దగ్గు రూప ఉబ్బసానికి ఆ శబ్దం లేదు. రాత్రి దగ్గు, పొగకు దగ్గు, చలికి దగ్గు, నవ్వినా దగ్గు, పని మానితే ఊరట అనే ఆనవాళ్లు మాత్రమే ఉన్నాయి. వీటిని ఒకచోట చేర్చి చూస్తే వ్యాధి తెలుస్తుంది, విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఆకుపై తొలి మచ్చ కనిపించినప్పుడే తెగులును గుర్తించాలని రైతుకు బోధించే మనం, రైతు ఊపిరిలో కనిపించే తొలి గుర్తు విషయంలోనూ అదే శ్రద్ధ చూపాలి. బెల్లం వంట ముగిసి, పొయ్యి చల్లారిన తరువాత కూడా తగ్గని దగ్గు ఏ రైతు ఇంటిలోనైనా వినిపిస్తే, పిల్లికూతల కొరకు ఎదురుచూడక అతనిని పరీక్షకు పంపాలి.